చీకట్లో ఆపిన కాపలా

పాప రాత్రి రెండింటికి పాలకు లేస్తుంది. మళ్లీ పడుకోబెట్టాక నాకు నిద్ర పట్టదు. ఊపిరి ఆడుతోందా అని దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ ఉంటాను. కాన్పుకు పుట్టింటికి వచ్చి, పాప పుట్టిన కొత్తలో, ఆ భయం నుంచి మనసు మళ్లించుకోవడానికే మిద్దె ఎక్కి ఫోన్‌తో చుక్కల ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. అప్పుడే ఆన్‌లైన్‌లో ఒక పోటీ కనిపించింది. ‘ఎవరైనా, ఏ కెమెరాతోనైనా పంపవచ్చు’ అని రాశారు. నమ్మాను.

మా నాయనకు గొర్రెలున్నాయి. కోతలయ్యాక ఎరువు కోసం రైతులు తమ చేలల్లో మందను పడుకోబెట్టించుకుంటారు. ఆ వారం మంద పెద్దారవీడు అవతల, కొండ కింద చేలో ఉంది. ఊరి లైట్లు అక్కడికి ఆనవు. సీసాలో పాలు పెట్టి, పాపను అమ్మకు అప్పగించి, నాయన వెంట వెళ్లాను. వేకువజామున పలకరాళ్ల ముక్కలు పేర్చి ఫోన్ నిలబెట్టాను. గంటసేపు వరుసగా తీసిన ఫొటోలన్నీ ఒకదానిపై ఒకటి కలిపితేనే పాలపుంత తేలుతుంది. మధ్యలో వెలుతురు పడితే అంతా పాడు. కానీ మంద దగ్గర కాపరి పనే రాత్రంతా టార్చి తిప్పుతూ ఉండడం.

“నాయనా, గంటసేపు లైటు వేయొద్దు.”

“గంటా! గొర్రెల్ని నీ చుక్కలు కాస్తాయా ఏంది?”

“పోటీకి నాయనా. ఈ ఒక్క రోజే.”

“సరేలే. ప్రైజు రాకపోతే రేపట్నుంచి నువ్వే కాయాల,” అని నవ్వి ఆర్పేశాడు.

నలభై నిమిషాలకు గొర్రెలన్నీ ఒక్కసారిగా ఒక పక్కకు తోసుకున్నాయి. నాయన టార్చి వేసేసరికి కుక్కల గుంపు చేను దాటుతోంది. గొర్రెపిల్లల్ని వేరుగా ఉంచిన వల కంచెలో మూడు చచ్చి పడి ఉన్నాయి. నాలుగోది కాళ్లు కొట్టుకుంటోంది.

“ఫొటో వచ్చిందా?” అని మాత్రం అడిగాడు నాయన.

అమ్మ ఊరుకోలేదు. “చంటిబిడ్డను ఇంట్లో పడేసి చుక్కల వెంట పోయినావు. ఆ తల్లులు ఎట్ల అరుస్తున్నాయో విను పోయి,” అంది.

వచ్చిన నలభై నిమిషాల ఫొటోలే కలిపి పంపాను.

నిన్న ఫలితాలు వచ్చాయి. గెలిచినతను నగరంలో తన గదిలో కూర్చుని, ఎక్కడో విదేశంలో కొండ మీదున్న టెలిస్కోపును అద్దెకు తీసుకుని ఇంటర్నెట్‌లో నడిపాడట. నియమాల ప్రకారం అది తప్పు కాదు. ఫొటో చాలా బాగుంది కూడా. దాన్ని దిద్దడానికి ఎన్ని రోజులు పట్టి ఉంటుందో నాకు తెలుసు. నా ఫొటో కింద ఒకటే వాక్యం: ‘తీసిన సమయం చాలలేదు.’ అదీ నిజమే. కానీ ఆ టెలిస్కోపునూ నా ఫోన్‌నూ ఒకే వరుసలో నిలబెట్టి, ఎవరైనా రావచ్చని పిలవడం న్యాయం కాదు. ఫోన్లకు వేరే విభాగం లేనప్పుడు ఆ పిలుపులో అర్థం లేదు. ఇదంతా వాళ్లకు రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను. కాపలా ఆపమన్నది వాళ్లు కాదు, నేను.

ఈ సాయంత్రం అన్నం తింటూ నాయన అడిగాడు. “పోటీ ఏమైందమ్మా?”

“ఇంకా చెప్పలేదు నాయనా.”

“చెప్తార్లే. రాకపోతే మళ్లీ పోదాం. ఈతూరి గంటన్నర ఆపుతా.”

వద్దని చెప్పడానికి నోరు తెరిచేలోపే చెయ్యి కడుక్కుని మందకు బయలుదేరాడు.