అత్తమ్మ అడిగిన మూడో గిన్నె

మా అత్తమ్మ పేస్టు ట్యూబును తీసుకెళ్లి పెంటకుప్ప మీద విసిరేసిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. తొంభైల చివరి సంవత్సరాలవి. బాన్సువాడలో బడిపిల్లలకు జీవశాస్త్రం చెప్పే పంతులమ్మను, నా ఇంట్లోనే నా మాట చెల్లలేదు.

ఆమె భయానికి కారణం లేకపోలేదు. ఆమె చెల్లెలిని నల్గొండ వైపు ఇచ్చారు. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లు తాగీ తాగీ ఆ చెల్లెలి కాళ్లు వంకర తిరిగాయి.

"గా ఫ్లోరైడే గిండ్ల ఉన్నదంట. నా మనుమరాలి నోట్లె పెడ్తవా?" అంది.

మనుమరాలంటే నా ఆరేళ్ల కూతురు. చెరుకు పండించే ఇల్లు మాది, అది గడ నమలని రోజు లేదు. పాలపళ్లు సగం పుచ్చిపోయాయి. వెనక కొత్త దవడపన్ను మొలుస్తోంది. అది పోతే మళ్లీ రాదు. నా దిగులంతా దాని గురించే.

"ఏళ్ల తరబడి నీళ్లతో కడుపులోకి పోతే చేటు అత్తమ్మా, ఇది ఉమ్మేసేది" అన్నాను. నోట్లోని సూక్ష్మజీవులు తీపి తిని పులుపు తయారు చేస్తాయని, ఆ పులుపే పంటిని తినేస్తుందని, అది తయారు కావడానికి వాటికి ఎనోలేజ్ అనే ఎంజైమ్ కావాలని, ఫ్లోరైడ్ దాన్ని అడ్డుకుంటుందని పాఠం మొత్తం అప్పజెప్పాను. ఆమె చెవిన పెట్టలేదు.

పెరుగు విషయంలో మాత్రం మా వాడలో ఆమెను మించినవాళ్లు లేరు. పాలు పులిసేదీ అలాంటి జీవుల వల్లే. అందుకని ఒకరోజు పొద్దున్నే రెండు గిన్నెల్లో గోరువెచ్చని పాలు పోసి, ఆమె చేతనే తోడు వేయించి, ఒకదానిలో పేస్టు బాగా కలిపాను. సాయంత్రానికి ఒకటి గడ్డపెరుగయింది. పేస్టు వేసింది ఇంకా పాలలాగే జారుతోంది.

గెలిచానని నవ్వాను. ఆమె గిన్నె వంచి చూసింది.

"పేస్టుల ఇంకేమేమో కలుపుతరు గద బిడ్డా, నురుగుకు, వాసనకు. ఫ్లోరైడే చేసిందని ఎట్ల అంటవ్?"

నాకు ముందు సిగ్గేసింది, వెంటనే గర్వం ముంచుకొచ్చింది. బడి గడప తొక్కని మనిషి అడిగిన ప్రశ్న అది, బీఎస్సీ చదివిన నాకు తట్టనే లేదు.

మర్నాడు మూడు గిన్నెలు పెట్టాం. మూడోదానిలో ఫ్లోరైడ్ లేని పేస్టు, నేను బజారంతా వెతికి తెచ్చినది. అది ఆలస్యంగానైనా తోడుకుంది. ఫ్లోరైడ్ ఉన్నది తోడుకోలేదు. ఆమె మూడింటిలోనూ వేలు పెట్టి చూసి, ఫ్లోరైడ్ ఉన్న పేస్టును నా చేతిలో పెట్టింది.

"ఇగ శెనగగింజంతే పెట్టు. ఉమ్మేసేదాక నేను నిలబడ్త."

నిలబడింది కూడా, రోజూ, ఏళ్ల తరబడి. కూతురు పదో తరగతిలో ఉండగా పళ్ల డాక్టరు దాని నోరు చూసి, దవడపళ్లలో ఒక్కటీ పుచ్చలేదే, ఏం చేశారమ్మా అని నన్ను అడిగాడు. నేను పాఠం మొదలుపెట్టేలోపే అది అందుకుంది.

"మా నానమ్మ పరీక్ష పెట్టింది సార్. అమ్మ గిన్నెలు కడిగింది."