చిటుకు అని రాసిన రోజు

ముప్పై రెండేళ్లుగా ఒకే రోజుకు నా దగ్గర రెండు మాటలున్నాయి. ఒకటి ఆఫీసు రిజిస్టర్లో రాసింది. రెండోది అదే రోజు, అదే కలంతో, ఇంటికొచ్చి నా సొంత డైరీలో రాసుకున్నది. రెండూ గొర్రెల జబ్బు పేర్లే. వాటిలో ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో రాసేటప్పుడే నాకు తెలుసు. ఆ బరువు ఇన్నేళ్లు మోశాను. ఇక మోయను.

ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువు. ఒక్క సంగతి ముందే చెప్తాను. క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. పెద్దాయన, పోనీలే అని మీరు జాలిపడితే నాకు కోపమొస్తుంది. చివరిదాకా చదవండి, చాలు.

నేను పశువుల ఆసుపత్రిలో సహాయకుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంటున్నాను. ఉద్యోగమంతా జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లోనే గడిచింది. పదిహేడో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. ప్రతి పేజీకీ నేనే గళ్లు గీసుకుంటాను. వాన, ప్రయాణం, పని, ఇంటికొచ్చినవాళ్లు, వచ్చిన వస్తువులు. ఏమీ లేకపోతే 'లేదు' అని రాస్తాను తప్ప గడి ఖాళీగా వదలను. ఆఫీసు రిజిస్టరూ అంతే. తనిఖీకి వచ్చిన అధికారులు దాన్ని పక్క ఆసుపత్రుల వాళ్లకు చూపించేవాళ్లు. ఒక్క గడి ఖాళీ లేదు చూడండయ్యా అని. ఆ మాట నాకు ఇష్టం. ఎంత ఇష్టమో ఇప్పుడు చెబుతాను.

మా వైపు గొర్రెలు ఉన్నట్టుండి పడి చచ్చే జబ్బులు ముఖ్యంగా రెండు. ఒకటి చిటుకు. తొలకరికి మొలిచిన లేత గడ్డిని ఆబగా మేసిన గొర్రె, చిటికె వేసేలోపు తన్నుకుని చస్తుంది. అది మనిషికి అంటదు. రెండోది దొమ్మ, ఇంగ్లీషులో ఆంత్రాక్స్ అంటారు. అదీ అంతే వేగంగా చంపుతుంది, కానీ గొర్రెతో ఆగదు. కోసిన చేతికి అంటుతుంది. ఒలిచిన చేతికి అంటుతుంది. నేలకూ అంటుతుంది. దొమ్మతో చచ్చిన జీవానికి కత్తి తగలకూడదు. కొయ్యకుండా లోతుగా పూడ్చి సున్నం పోస్తే, ఆ క్రిమి చాలామట్టుకు ఒంటి లోపలే కుళ్లి చస్తుంది. కోస్తే, రక్తానికి గాలి తగిలితే, గింజ కట్టుకుంటుంది. ఆ గింజ ఎండకు చావదు, వానకు చావదు. ఎవరో తవ్వేదాకా, ఏ గొర్రో ఆ మట్టి అంటిన గడ్డి మేసేదాకా, పదుల ఏళ్లు అక్కడే పడి ఉంటుంది. ఈ సంగతి నాకు శిక్షణలో నేర్పారు. నేను పల్లెల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

తొలకరి పడిన వారం. పెన్నకు దగ్గర్లో ఒక ఊరు. ఓబులేసు అనే కాపరి మందలో తెల్లారేసరికి ఆరు గొర్రెలు పడ్డాయని కబురొచ్చింది. మా డాక్టరు సెలవులో ఉన్నాడు. నేనే వెళ్లాను.

మంద వంక పక్కన ఉంది. ఆరు గొర్రెలూ పొట్టలు ఉబ్బి పడున్నాయి. ముక్కుల నుంచి రక్తం కారుతోంది. తారులా నల్లగా ఉంది, గడ్డ కట్టడం లేదు. చిటుకులో అలా కారదు. నేను చేతులకు తొడుగులు వేసుకుని, ఒక గొర్రె చెవి కొన గుచ్చి, చుక్క రక్తం గాజు పలక మీదికి తీసుకున్నాను. చూశారా, నన్ను నేను కాపాడుకోవడానికి చేయవలసిందంతా చేశాను.

అప్పటికే మాబు సైకిలు మీద వచ్చాడు. పల్లెలు తిరిగి తోళ్లు కొని ప్రొద్దుటూరు మండీకి వేసే మనిషి. కొత్తగా పెళ్లయినవాడు. ఓబులేసు భార్య నాగమ్మ కళ్లు తుడుచుకుంటూనే అతన్ని ఎగతాళి చేసింది.

"ఏం మాబూ, గొర్రె సచ్చిందని గద్ద కంటే ముందే నీకెట్ల తెలుస్తాదప్పా?"

"గద్దకు ఉండేది రెక్కలే గదక్కా. నాకు సైకిలుండాది."

ఓబులేసు నవ్వలేదు. "ఏంది సార్ ఇది? నిన్న పొద్దుగూకేదాకా బాగా మేసినాయి. ఏం రోగం?"

మాబు కత్తి తీయలేదు. సైకిలుకు స్టాండు వేసి నా మొహంలోకి చూశాడు.

"దొమ్మ కాదు గదా సార్? దొమ్మయితే చెప్పండి, ఇట్నుంచి ఇట్లే పోతా. దొమ్మ గొర్రెకు చెయ్యి పెట్టొద్దురా అని మా నాయన శానా చెప్పినాడు."

"కాదు," అన్నాను. "చిటుకు. కొత్త గడ్డి మేసినాయి."

"సారు చిటుకన్నాడంటే చిటుకే," అన్నాడు ఓబులేసు. "సారు బుక్కులో తప్పుండదు."

"అట్లయితే ఒకటి కోస్తా," అంది నాగమ్మ. "అన్నీ మన్నులో పెట్టాలంటే పానం ఒప్పల్యా."

మాబు ఆరింటికీ తోళ్లు ఒలిచి, సైకిలుకు కట్టుకుని వెళ్లిపోయాడు. నాగమ్మ ఒకదాన్ని కోసింది. మిగిలిన ఐదింటినీ ఓబులేసు, నేను వంక గట్టు మీద పూడ్చాం. సున్నం వేయలేదు. సున్నం తెమ్మంటే దొమ్మ అని తెలిసిపోతుంది. పూడ్చిన చోటు మాత్రం కొలిచాను. రెండు తుమ్మచెట్లకు తూర్పున ఇరవై రెండు అడుగులు. అబద్ధమాడిన గంటలో కూడా నా కొలత తప్పలేదు.

ఎందుకు ఆడాను?

మా జిల్లా పేరు వినగానే బయటివాళ్ల దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ఎవరో పెద్ద రైతు బెదిరించి ఉంటాడు, సంత మూతపడకూడదని మనుషుల్ని పంపి ఉంటాడు అని. ఆ సాకు అడక్కుండానే దొరుకుతుంది. నాకు వద్దు. నన్నెవరూ బెదిరించలేదు. ఎవరూ గొంతు పెంచి మాట్లాడను కూడా లేదు. జరిగింది ఇది. అంతకు నాలుగు నెలల ముందు ఆ ఊరికి దొమ్మ టీకాలు వేయడానికి వెళ్లాను. ఓబులేసు మంద ఊళ్లో లేదు. పులివెందుల వైపు చీనీ తోటల్లో ఎరువు కోసం మంద నిలపడానికి తోలుకుపోయాడు. రిజిస్టర్లో అతని పేరు ఎదుట గడి ఖాళీగా ఉండాలి. నేను కిందటేటి అంకె చూసి అదే వేశాను. తిరిగొచ్చాక టీకా వేస్తే సరిపోతుంది అనుకున్నాను. అతను తిరిగొచ్చాడు. నేను వెళ్లలేదు.

టీకా వేసినట్టు రాసిన మందలో దొమ్మ వచ్చిందని రాస్తే, పైవాళ్లు మొదట అడిగేది ఆ గడి గురించే. ఉద్యోగం పోయేది కాదు. ఒక మెమో వచ్చేది, నా రిజిస్టర్ని పక్కవాళ్లకు చూపించడం మానేసేవాళ్లు. ఆ మాత్రానికే.

ఇంకా ఉంది. మధ్యాహ్నం ఆసుపత్రికి వచ్చి ఆ గాజు పలకకు నీలం రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. వెదురు కణుపుల్లా వరుసగా కడ్డీలు. దొమ్మే. పల్లెలో పొరపాటు పడ్డానని చెప్పుకునే దారి కూడా అక్కడితో మూసుకుపోయింది. అప్పటికి మధ్యాహ్నం మూడు కూడా కాలేదు. ఆ ఊరికి సాయంత్రం బస్సుంది. వెళ్లి, నాగమ్మా, దొమ్మ అది, పొక్కు లేస్తే వెంటనే సూది వేయించుకో అని చెప్పి, ప్రొద్దుటూరు పోయి మాబును పట్టుకుని తోళ్లు కాల్పించి ఉంటే, రెండు బస్సు టికెట్లతో పోయేది. నేను పలకను స్పిరిటుతో శుభ్రంగా కడిగాను. రిజిస్టరు తీసి 'చిటుకు' అని రాశాను. ఇంటికొచ్చి డైరీలో 'దొమ్మ' అని రాశాను.

డైరీలో ఎందుకు రాసినట్టు? చాలా ఏళ్లు అది నా నిజాయితీ అనుకున్నాను. ఇప్పుడలా అనుకోవడం లేదు. నిజాన్ని ఒక చోట రాసేస్తే చెప్పేసినట్టే ఉంటుంది, ఆ పుస్తకాన్ని ఎవరూ చదవకపోయినా. నాకు కావలసింది ఆ హాయి.

నాలుగో రోజు మాబు ఆసుపత్రికి వచ్చాడు. మణికట్టు మీద పొక్కు, మధ్యలో బొగ్గులాంటి చెక్కు, చుట్టూ వాపు. నొప్పి లేదని, అదే భయంగా ఉందని అన్నాడు. అంతకు ముందు రోజు ఎవరో డాక్టరుకు చూపిస్తే, ఏ జబ్బుతో చచ్చిన గొర్రె అని ఆయన అడిగాడట. మాబు చిటుకు అని చెప్పాడట. డాక్టరు అడగవలసిందే అడిగాడు, మాబు తనకు తెలిసిందే చెప్పాడు. మధ్యలో ఉన్నది నా మాట.

వెంటనే పెన్సిలిన్ సూది వేసి, అదే గంటలో ఓబులేసు ఊరికి బస్సెక్కాను. ఇంటి ముందు జనం ఉన్నారు. నాగమ్మ ఆ పొద్దునే పోయింది. నెత్తురంటిన చేత్తో చెమట తుడుచుకుందేమో, మెడ మీద పొక్కు లేచి, మెడంతా వాచి, ఊపిరాడలేదు. గవదలనుకుని పసరు పూశారు. ఓబులేసు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. పరామర్శకు వచ్చాననుకున్నాడు. అలాగే అనుకోనిచ్చాను.

మాబుకు వారం రోజులు సూదులు వేశాను. ఎందుకో చెప్పలేదు. తగ్గింది. మణికట్టు మీద రూపాయి బిళ్లంత మచ్చ మిగిలింది. ఆ ఏడు రంజాన్‌కు గిన్నెలో సేమియా పాయసం తెచ్చాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ తెచ్చాడు. 'ఈ చెయ్యి సారిచ్చిందే' అని వీధిలో అందరికీ చూపించేవాడు. నేను తిన్నాను. ఏడాదికొక గిన్నె చొప్పున ముప్పై రెండు గిన్నెలు తిన్నాను, అన్నీ డైరీలో రాశాను: 'మాబు ఇంటి నుంచి సేమియా'. ఆరేళ్ల కిందట ఓబులేసు పోయాడు. ధైర్యం కోసం ఎదురుచూస్తూ అతనికి చెప్పలేకపోయానని అనను. అడిగేవాళ్లు తగ్గడం కోసం ఎదురుచూశాను.

ఈ చలికాలం మొదట్లో మాబు సంతోషంగా వచ్చాడు. ఇప్పుడతను గొర్రెల వ్యాపారి. కొడుకు కువైట్‌లో ఉన్నాడు. పెద్ద గొర్రెల షెడ్డు కట్టడానికి నేల కొన్నాడట. ఎక్కడ అని అడిగాను. ఓబులేసు ఊరి వంక గట్టు మీద అన్నాడు. తుమ్మచెట్లు ఎప్పుడో కొట్టేశారట, నేల నున్నగా ఉందట. బుధవారం జేసీబీ వస్తుందట. మొదటి గడ్డపార నా చేత్తోనే పడాలట.

అతను వెళ్లాక డైరీ తీశాను. అవసరం లేదు, అయినా తీశాను. ఇరవై రెండు అడుగులు.

నాతో పనిచేసి రిటైరయిన ఒక మిత్రుడికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఈ వయసులో ఇదంతా ఎందుకప్పా, అక్కడ నీళ్లు నిలుస్తాయని చెప్పు, వాస్తు బాగలేదని చెప్పు, వాడే మానుకుంటాడు అన్నాడు. మంచి సలహానే. మాబు నా మాట వింటాడు కూడా. కానీ అది మళ్లీ చిటుకే. నా నోటి నుంచి ఇంకో చిటుకు రానివ్వను అన్నాను. అతను ఫోన్ పెట్టేశాడు. పెట్టేయనీ.

మంగళవారం మధ్యాహ్నం మాబును ఆ నేల దగ్గరికి రమ్మన్నాను. డైరీ చేతికిచ్చి, ఆ పేజీ చూపించాను. తెలుగు చదవడం అతనికి కొంచెం కష్టం. వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. ఆ ఒక్క మాట దగ్గర వేలు ఆగింది. టీకా సంగతి, గడి సంగతి, గాజు పలక సంగతి అన్నీ చెప్పాను. ఏదీ తగ్గించలేదు.

పేజీ మీంచి తలెత్తి అన్నాడు. "ఆ పొద్దు నేను అడిగినా గదా సార్."

"అడిగినావు."

"మా నాయన మాట గూడా చెప్పినా."

"చెప్పినావు."

"నాగమ్మక్క?"

"దాంతోనే."

మణికట్టు మీది మచ్చను బొటనవేలితో రుద్దుకున్నాడు. డైరీ నా చేతిలో పెట్టి, బండి ఎక్కి వెళ్లిపోయాడు. నేను వంక గట్టు నుంచి రోడ్డుదాకా నడిచి బస్సెక్కాను.

జేసీబీ రాలేదు. ఆ వారంలోనే పశుసంవర్ధక శాఖకు డైరీ పేజీ నకలు జతచేసి ఉత్తరం రాశాను. నా పేరు, పాత హోదా, సంతకం, ఊరి పేరు, కొలతలు అన్నీ రాశాను. ఓబులేసు బంధువుల ఇంటికి కూడా వెళ్లి చెప్పాను. వాళ్లు కూర్చోమనలేదు. ఇక్కడ నా పేరు రాయకపోవడానికి కారణం భయం కాదు. నా పేరుతో ఊరి పేరు బయటికొస్తుంది, ఆ ఊరి గొర్రెలను సంతలో ఎవరూ ముట్టరు. ఆ శిక్ష వాళ్లకెందుకు? ఓబులేసు, నాగమ్మ, మాబు అన్నవి కూడా అందుకే మార్చి రాసిన పేర్లు.

మాబు తన నేలలోనే ఆ ముక్క చుట్టూ రాతి కూసాలు నాటి, ముళ్లకంచె వేసి, రేకు పలక కొట్టాడు. నేను వెళ్లి చూశాను. ఎర్ర రంగుతో, వంకర అక్షరాలతో రాసి ఉంది: 'దొమ్మ నేల. తవ్వొద్దు. మేపొద్దు.' మాబు అక్కడే ఉన్నాడు. కింద నా పేరు కూడా రాయమన్నాను. ఎవరి వల్లో తెలియాలి కదా అన్నాను.

"మీ పేరు సదివి గొర్రె ఆగదు సార్," అన్నాడు. నా వైపు చూడలేదు.

అతను నాతో మాట్లాడిన ఆఖరి మాట అది. ఆ మాటకు అతనికి హక్కుంది. ఇది చెప్పినందుకు మాత్రం నేను పశ్చాత్తాపపడటం లేదు. మళ్లీ ఆ మంగళవారం వస్తే మళ్లీ చెబుతాను. ముప్పై రెండేళ్ల కిందటి ఆ మధ్యాహ్నం మళ్లీ వస్తే సాయంత్రం బస్సు ఎక్కుతానా? ఎక్కుతాననే రాయాలనిపిస్తోంది. అది రాయడానికి నాకు అధికారం లేదు.

ఈ రంజాన్‌కు గిన్నె రాలేదు. పండుగ రోజు డైరీ తీసి, వాన గడిలో 'లేదు' అని రాశాను. ప్రయాణం గడిలో 'లేదు' అని రాశాను. వచ్చిన వస్తువుల గడి దగ్గర కలం ఆపాను. అక్కడ ఏమీ రాయలేదు. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.