నార్మన్ గారి టోస్టు

నార్మన్ హోల్‌రాయిడ్ గారు ఎక్కడికెళ్లినా టోస్టు అడిగేవారు. పలకరింపు పూర్తయ్యేలోపే, కోటు విప్పకముందే, "ఒక టోస్టు దొరుకుతుందా?" అనేవారు. మా థార్న్‌బెక్ కౌన్సిల్లో ఆయనకు టోస్టు నార్మన్ అని పేరు పడిపోయింది. ఆ పేరు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, అబద్ధమెందుకు.

ఆయన ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు నడిపి, రిటైరయ్యాక మా ఊరి కౌన్సిలర్ అయ్యారు. పిల్లల సేవల పరిశీలన కమిటీలో సభ్యుడు. నేను ఆ కమిటీ గుమస్తాను. అమ్మానాన్నల దగ్గర ఉండే వీలులేని పిల్లలకు కౌన్సిలు కొన్ని ఇళ్లు నడుపుతుంది. అవి ఎలా నడుస్తున్నాయో చూసి, అడగాల్సినవి అడగడం మా కమిటీ పని. అడగడమే. ఇలా చెయ్యండని సలహా ఇవ్వవచ్చు గానీ చేసి తీరాలని అనలేము.

మూడు నెలలకోసారి ఆ ఇళ్లకు తనిఖీకి వెళ్లేవాళ్లం. మిగతా సభ్యులు మంటలార్పే సామాను చూసేవారు, మందుల బీరువా చూసేవారు, రిజిస్టర్లు తిరగేసేవారు. నార్మన్ గారు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని, అక్కడున్న ఏ పిల్లనో పిల్లాడినో చూసి, "టోస్టు చేసి పెడతావా నాకు?" అని, చేతి గడియారం చూసుకునేవారు.

"ఆకలంటే ఇంత తొందరేమిటండీ?" అన్నాను ఒకసారి.

"బస్సు డ్రైవరు బుద్ధి తల్లీ. ఏదైనా టైముకి రావాలి."

ఈ తనిఖీల మినిట్స్ రాసేది నేనే. టోస్టు సంగతి రాస్తే పరువేముంటుంది? "సభ్యులు అల్పాహారం స్వీకరించారు" అని రాసి ఊరుకునేదాన్ని. పదకొండేళ్లు అదే వాక్యం రాశాను. అది నేను చేసిన పెద్ద తప్పని తరవాత తెలిసింది.

క్వారీ వీధి ఇంట్లో కెల్సీ అనే పదిహేనేళ్ల పిల్ల ఉండేది. వంటింటి తలుపు రెండుసార్లు పగలగొట్టింది. ఆ పిల్లను రెండు వందల మైళ్ల అవతల ఇంకో ఇంటికి పంపాలని నివేదిక తయారైంది. నిర్ణయం ఇంకో పదిరోజుల్లో. ఆ మధ్యలోనే మా తనిఖీ పడింది.

సాయంత్రం అయిదున్నరకు వెళ్లాం. ముందు గదిలో కెల్సీ ఒక్కతే కూర్చుని ఉంది.

"ఒక టోస్టు చేసి పెడతావా?" అన్నారు నార్మన్ గారు.

"వంటిల్లు అయిదింటికే తాళం," అంది ఆ పిల్ల తలెత్తకుండా. "లిండాని అడగండి."

లిండా గారు ఆ ఇంటి మేనేజరు, చెడ్డ మనిషి కాదు. "మూడేళ్ల కిందట ఒక పిల్లాడు చెయ్యి కాల్చుకున్నాడండీ, అప్పట్నుంచీ ఈ రూలు. ఒక కాగితం మీద రాయాలి, ఇద్దరు సంతకం పెట్టాలి. నాతో పనిచేసే రెండో ఆవిడ బజారుకెళ్లింది, వచ్చేస్తుంది," అంది నొచ్చుకుంటూ.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. "వద్దులెండి, వెళ్లిపోదాం," అన్నాను ఆయన చెవిలో.

"నాకు టోస్టు కావాలి," అన్నారాయన గట్టిగా, మొండికేసిన చిన్నపిల్లాడిలా. కూర్చున్నాం. రెండో ఆవిడ వచ్చింది, సంతకాలయ్యాయి, తాళం తీశారు. కెల్సీ లేచి వంటింట్లోకి వెళ్లబోతే, "నువ్వు కాదమ్మా, నేను చేస్తాలే," అని లిండా గారే లోపలికెళ్లింది.

"తలుపు ఎందుకు పగలగొట్టావమ్మా? ఆకలేసిందా?" అని మెల్లిగా అడిగారు నార్మన్ గారు.

"ఆకలి కాదు," అంది. "ఆదివారం సాయంత్రం మా చెల్లి వస్తుంది. అది ఈ ఊళ్లోనే వేరేవాళ్లింట్లో ఉంటోంది. మా అమ్మ పడుకుండిపోతే దానికి టోస్టు నేనే చేసిపెట్టేదాన్ని. ఇక్కడికొచ్చి అక్కా టోస్టూ అంటే, కాగితం రాయాలే అని చెప్పనా? ఇప్పుడు నన్ను దూరం పంపేస్తారట. ఇక అది రానే రాదు."

టోస్టు వచ్చింది. నార్మన్ గారు గడియారం చూసుకుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. చల్లారిపోయిన ఆ ముక్కను చివరిదాకా తిన్నారు.

తరవాతి వారం కమిటీ సమావేశం. పిల్లల సేవల డైరెక్టరు ప్రెంటిస్ గారు ఇళ్ల నివేదిక చదువుతూ క్వారీ వీధి దగ్గరికి రాగానే నార్మన్ గారు చెయ్యెత్తారు.

"ఒక్కొక్క పిల్ల విషయం ఈ కమిటీలో చర్చించకూడదండీ," అన్నారు డైరెక్టరు గారు. అది నిజమే, రూలు అంతే.

"పిల్ల గురించి కాదు. టోస్టు గురించి అడగొచ్చా?"

అందరూ నవ్వారు. అధ్యక్షురాలు పమేలా గారు కళ్లద్దాలు తీసి, "అడక్కపోతే మీరు ఇంటికెళ్లరుగా, అడగండి," అంది.

ఆయన పుస్తకం తెరిచారు. "పదకొండేళ్లు, ఆరు ఇళ్లు. టోస్టు అడిగిన దగ్గర్నుంచీ చేతికొచ్చేదాకా ఎన్ని నిమిషాలో రాసుకున్నాను. హిల్ టాప్ ఇల్లు, నాలుగు నిమిషాలు, పిల్లే చేసింది, కాస్త మాడింది. స్టేషన్ రోడ్డు ఇల్లు, అయిదు నిమిషాలు, పిల్లాడే చేశాడు, జామ్ రాయనా అని అడిగాడు. క్వారీ వీధి కూడా మొదట్లో నాలుగే. మూడేళ్ల కిందట ఇరవై మూడు. పోయినేడు ముప్ఫై ఒకటి. పోయినవారం నలభై ఒకటి, పిల్లను లోపలికి రానివ్వలేదు."

నవ్వులు ఆగిపోయాయి.

"ప్రెంటిస్ గారూ, ఆ ఇంట్లో తలుపులు పగలడం ఎప్పుడు మొదలైంది?"

డైరెక్టరు గారు కాగితాలు తిప్పారు. చాలాసేపు తిప్పారు. "మూడేళ్ల కిందట," అన్నారు.

"తాళం లేని అయిదిళ్లలో?"

"ఒక్కటీ లేదు."

"మా ఆవిడ మా వంటింటికి తాళం వేస్తే నేనూ పగలగొడతానండీ. తన ఇంట్లో రొట్టెముక్క కాల్చుకోడానికి ఎవరు కాగితం రాస్తారు? తాళం తియ్యమని సలహా ఇద్దాం. ఎవర్ని ఎక్కడికి పంపుతారో నేను అడగను. కాని తలుపు పగలడమే కారణమైతే, ఆ కారణం తాళంతో పాటే పోతుంది గదా."

ప్రెంటిస్ గారు ఫైలు మూసి, "తాళం రేపే తీయిస్తాను. మిగతాది మళ్లీ చూస్తాను," అన్నారు. చూశారు కూడా. కెల్సీ ఊళ్లోనే ఉండిపోయింది.

నా సంగతికొస్తే, ఆ రోజు బల్ల కింద దూరిపోవాలనిపించింది. ఆయన పదకొండేళ్లు అడిగిన ఒకే ఒక్క ప్రశ్నను ప్రతిసారీ అల్పాహారం చేసి పారేసింది నేనేగా.

నెల తరవాత ఒక ఆదివారం సాయంత్రం క్వారీ వీధికి మళ్లీ వెళ్లాం. నార్మన్ గారి భార్య మ్యూరియల్ గారు కూడా వచ్చింది. వంటింటి తలుపు బార్లా తీసి ఉంది. కెల్సీ పక్కన స్టూలెక్కి, ఆరేళ్ల చెల్లెలు వెన్న రాస్తోంది, సగం వెన్న బల్లమీదే.

"నాలుగు నిమిషాలు!" అన్నారు నార్మన్ గారు గడియారం చూసి.

"అందులో ఒక నిమిషం ఇది వెన్నతో ఆడుకుంది," అంది కెల్సీ. "మాడిందేమో, తినగలరా?"

"మాడితేనే నాకిష్టం."

మ్యూరియల్ గారు నా మోచెయ్యి పట్టుకుంది. "మా ఇంట్లో ముప్ఫై ఏళ్లుగా టోస్టు లేదమ్మా," అంది గుసగుసగా. "బస్సు డిపోలో రోజూ అదే తిని తిని విసుగెత్తిపోయాడు. పక్కింట్లో వాసనొచ్చినా మా కిటికీలు మూయిస్తాడు. ఏదో మీటింగని వెళ్తాడు, రాత్రి భోజనం వద్దంటాడు. ఎక్కడ ఏం తినొస్తున్నాడో ఇవాళ తెలిసింది."

నార్మన్ గారు పళ్లెం ఖాళీ చేసి, చిన్నపిల్ల ముందుకు జరిపారు. "ఇంకోటి ఉందా తల్లీ?"

ఆ రోజు మినిట్స్ నేను ఇంటికెళ్లగానే రాశాను. కౌన్సిల్ దస్త్రాల్లో ఇప్పటికీ ఉంటుంది: "క్వారీ వీధి ఇంట్లో కౌన్సిలర్ హోల్‌రాయిడ్ టోస్టు తిన్నారు. పిల్లలే చేశారు. నాలుగు ముక్కలు. నాలుగు నిమిషాలు."