పనస తొర్రలో కొత్తకోడలు

మా చిన్నప్పుడు... పచ్చి జీడిపిక్కలు ముట్టుకుంటే నాయనమ్మ చేతిలో చీపురుకట్ట లేచేది. పిక్క తొక్కలో ఉండే జీడి ఒంటికి తగిలితే కాలిపోతుందని ఆవిడ భయం. చెప్పిన మాట వినే రకమా మనం... ఒక మధ్యాహ్నం ఆవిడ కునుకు తీయగానే కత్తిపీట ముందేసుకుని కూర్చున్నాను. నాకు తొమ్మిదేళ్ళు, చెల్లి గౌరికి ఆరు. నేను పిక్కలు కోసి ఇస్తుంటే, అది గోళ్ళతో పప్పు గీరుకుని తింది. జీడి అంటకుండా నా చేతులకి బూడిద పూసుకున్నాను. దానికి పూయాలన్న ఆలోచనే రాలేదు.

తిన్నాక ఒట్టు వేయించాను... అమ్మ మీద ఒట్టు, ఎవరికీ చెప్పకూడదని.

మాది సబ్బవరం దాటి లోపలికి ఉండే పల్లె. ఇంటి వెనక జీడితోట, పెరట్లో ముసలి పనసచెట్టు, దాని మానుకి ఒక తొర్ర, ఆ తొర్రలో అరచేయంత సాలీడు. దీపాలు పెట్టే వేళకి తొర్ర అంచున రెండు బొచ్చు కాళ్ళు మాత్రం బయటపెట్టి కూర్చునేది. బొద్దింక అటుగా వచ్చిందా... ఎప్పుడు లాక్కుందో కంటికి ఆనేది కాదు. "సూడండే, కొత్తకోడల్నాగ గుమ్మం దాటదు," అని నాయనమ్మే నవ్వేది. దాంతో దాని పేరు కొత్తకోడలైపోయింది. మా ఇద్దరికీ సాయంత్రం కాలక్షేపం అదే.

మర్నాడు లేచేసరికి గౌరి చెంప నిండా నీటి పొక్కులు. పొద్దు వాలేసరికి ఎడమ కన్ను వాచి పూర్తిగా మూసుకుపోయింది. అమ్మ పద్మనాభంలో మా మేనమామ ఇంటికి వెళ్ళి ఉంది.

"సాలీడు ఉచ్చోసింది," అని నాయనమ్మ తేల్చేసింది. మా వైపు కారణం తెలియని పొక్కు ఏది లేచినా నింద సాలీడు మీదకే పోయేది. ఆ సాలీడుని కాలిస్తే గాని పొక్కులు అణగవని ఆవిడ నమ్మకం.

నాన్న పోర్టు డ్యూటీ నుంచి అప్పుడే వచ్చాడు. మంచినీళ్ళైనా తాగలేదు.

"ఏటయిందమ్మా పిల్లకి?"

"రోజూ ఆ సెట్టుకాడే కదరా ఉంతారు. దాన్ని కాల్సకపోతే పిల్ల కన్ను పోద్ది."

నాన్న నా వైపు తిరిగాడు. "నువ్వు సూసినావేటే? అది సెల్లి మీద పడిందా?"

గౌరి తెరిచి ఉన్న ఒక్క కన్నుతో నన్నే చూస్తోంది. ఏడుస్తోంది కానీ నోరు విప్పడం లేదు... ఒట్టు వేసింది కదా.

"పడింది," అన్నాను.

నాన్న కర్రకి గోనెముక్క చుట్టి కిరసనాయిలు పోశాడు. నేను వెనకే నడిచాను. గడప దాటేలోగా చెప్పేద్దాం అనుకున్నాను... దాటాడు. నుయ్యి దగ్గర చెప్పేద్దాం అనుకున్నాను... అదీ దాటేశాడు. మొదటి అగ్గిపుల్ల గాలికి ఆరిపోయింది. ఇప్పుడైనా చెప్పు, చెప్పు అని లోపల ఎవరో పొడుస్తున్నారు. రెండో పుల్ల అంటుకుంది.

పొగ తగలగానే కొత్తకోడలు మొదటిసారి గుమ్మం దాటింది. కడుపు కింద తెల్లగా, దూదిఉండ లాంటి మూట. గుడ్ల సంచి అది. ఆ మూట వదిలేస్తే క్షణంలో చిటారుకొమ్మకి పోగలదు. వదల్లేదు. ముందుకాళ్ళు రెండూ పైకెత్తి నాన్నకి ఎదురు నిలబడింది. ఆ కాళ్ళ అడుగున పసుపు పట్టీలు ఉన్నాయని అప్పుడే చూశాను.

"నాన్నా, జీడి... నానే కోసిచ్చినాను," అని అరిచాను. అప్పటికే మంట దాని మీద పడింది.

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. మండుతున్న కర్ర నుయ్యి చుట్టూ నీళ్ళు నిలిచే పళ్ళెంలో పడేసి, గౌరి చేతులు తీసుకుని వేళ్ళ చివర్లు చూశాడు. నల్లగా కమిలిపోయి ఉన్నాయి. నా వేళ్ళూ చూశాడు, వాటికేం కాలేదు. "దానికి కూడా బూడిద రాయాల్సింది," అన్నాడు. అంతే. చెల్లిని సైకిలెక్కించుకుని సబ్బవరం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. నాలుగు రోజులకి కన్ను తెరిచింది. చూపుకేం కాలేదు... కంటి కింద చిన్న మచ్చ మాత్రం మిగిలింది.

మొన్న ఫోన్లో ఎవరో పెట్టిన ఫోటో చూశాను. అవే పసుపు పట్టీలు. టరంటులాలనే పెద్ద బొచ్చు సాలీళ్ళలో ఒక రకమట. నేలలో బొరియ తవ్వుకునేవి కొన్నైతే, చెట్టు తొర్రల్లో కాపురం పెట్టేవి ఇవి. అమెరికా వైపు వాటిలో కొన్ని ఒంటి మీది నూగు విసిరి దురద పుట్టిస్తాయట, మన దేశం వాటికి ఆ విద్య లేదు. కరిస్తే బాధే గానీ, ఉచ్చపోసి పొక్కులు లేపడం మాత్రం వట్టి మాట. మగవి ఎదిగాక జత కోసం తిరిగి తిరిగి కొద్దికాలానికే పోతాయట. ఆడది పదేళ్ళ పైన కూడా బతుకుతుందట... అంటే ఆ ఇంటికి అది నాకంటే ముందే వచ్చిందేమో.

ఫోటో గౌరికి పంపాను. వెంటనే ఫోన్ చేసింది. "నాను మాత్రం సెప్పనేదు కదక్కా," అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

ఆ సాలీడుని కాల్చాక చాలా ఏళ్ళు నాన్న డ్యూటీ నుంచి రాగానే తొర్ర వైపు ఓసారి చూసి గానీ లోపలికి వచ్చేవాడు కాదు. మళ్ళీ ఎవరూ కాపురానికి రాలేదు. ఇప్పుడు ఆ పనసా లేదు, జీడితోటా లేదు... ప్లాట్ల రాళ్ళు పాతారు. గాజువాకలో నాలుగో అంతస్తులో ఉంటున్నాను. మా పిల్లలకి సాలీడంటే దులపాల్సిన బూజు.

మీ పెరట్లోనూ ఇలాంటి కోడలు ఉండేదా... ఉంటే కింద రాయండి. ఇంకా ఉందంటే మీ అదృష్టం. పిల్లల ఒంటి మీద పొక్కులు చూసి అగ్గిపెట్టె అందుకునే ముందు... ఒక్కసారి వాళ్ళ వేళ్ళు చూడండి.