అమ్మ కొట్టుకు వచ్చిన రోజు

ఎండాకాలంలో ఆస్పత్రి మానేశాను. గవర్నర్‌పేటలో ఒక నేతచీరల కొట్లో చేరాను. ఆ సంగతి క్రిస్మస్ దగ్గరపడే దాకా మా అమ్మకు చెప్పలేదు.

చెప్పడానికి నోరు రాలేదు. చల్లపల్లి పక్కన మా పల్లెలో నర్సు యూనిఫాం వేసుకున్న మొదటి ఆడపిల్లను నేను. అమ్మ నాట్లకూ కోతలకూ కూలికి వెళ్ళి నన్ను చదివించింది. ఆదివారం గుడిలో పాస్టరుగారు జబ్బుపడ్డవాళ్ళ కోసం ప్రార్థన చేశాక, బెజవాడలో రోగులకు సేవ చేస్తున్న మన బిడ్డ కోసమని నన్నూ తలుచుకునేవారు. అప్పుడు అందరికంటే గట్టిగా వినిపించే ‘ఆమెన్’ మా అమ్మది.

నేను మానెయ్యడానికి కారణం మా పాప. నాకు రాత్రి డ్యూటీలు ఎక్కువ పడేవి. పొద్దున్నే మా ఆయన ప్రింటింగ్ ప్రెస్సుకు వెళ్ళిపోతే, నేను ఇంటికొచ్చి పడుకునేదాన్ని. ఉన్నది ఒకటే గది. ‘అమ్మ నిద్రపోతోంది, మెల్లగా’ అని పక్కింటి పిన్నిగారు పాపను రోజూ హెచ్చరిస్తూ ఉండేవారు. ఒకరోజు ఆవిడ నన్ను గుమ్మం దగ్గర ఆపారు.

“పిల్ల గొంతు ఓసారి మీ డాక్టరుగారికి చూపించకూడదూ? వీధిలో ఆడుకునేటప్పుడు కూడా గుసగుసలే.”

గొంతుకేమీ కాలేదు. మూడేళ్ళ పిల్ల, మాట్లాడటమంటే అంతే కాబోలనుకుంది.

కొట్లో పని పొద్దున పదింటికి మొదలై దీపాలు పెట్టేవేళకు అయిపోయేది. ఆదివారం సెలవు. జీతం మాత్రం బాగా తక్కువ. “ఎట్లాగో సర్దుకుందాం లే,” అన్నాడు మా ఆయన. కొట్టు యజమాని నేతపని ఇంట పుట్టిన పెద్దాయన. ఆడవాళ్ళకు చీరలు చూపించడానికి ఆడమనిషి ఉంటే బాగుంటుందని నన్ను పెట్టుకున్నారు.

చేరిన కొత్తలోనే ఒకావిడ నన్ను గుర్తుపట్టింది. “సిస్టరుగారు కదూ! మా అమ్మాయి పురుడప్పుడు మీరేగా ఉంది,” అని సంబరపడింది. అంతలో నా చేతిలో చీరల బొత్తి చూసి గొంతు తగ్గించింది. “ఏమైందండీ? అక్కడేమైనా గొడవా?”

“లేదండీ, నేనే మానేశాను.”

ఆవిడ నమ్మలేదని ముఖమే చెప్పింది. అప్పటి నుంచి తెలిసిన ముఖం గుమ్మంలో కనిపిస్తే చాలు, వెనక గదిలోకి తప్పుకునేదాన్ని.

క్రిస్మస్ ముందు కొట్టు కిటకిటలాడుతున్న రోజు. పరుపు మీద చీర పరుస్తూ తలెత్తి చూస్తే గుమ్మంలో అమ్మ. చేతిసంచిలోంచి తేగల కట్ట బయటికి పొడుచుకొచ్చి ఉంది. ముందు ఆస్పత్రికే వెళ్ళిందట. నేను మానేసిన సంగతీ, ఈ కొట్టు సంగతీ గేటు దగ్గర కాపలా ఆయన చెప్పాడట. అది నాకు తరవాత తెలిసింది. తప్పుకోవడానికి నాకు వ్యవధి లేకపోయింది.

అమ్మ చెప్పులు బయట విడిచి వచ్చి, పరుపు అంచున ముడుచుకుని కూర్చుంది.

“ఆ ఎర్రంచుది చూపించండమ్మా,” అంది నాతో.

చీర విప్పి పరిచాను. అమ్మ వేలి కొసతో తాకింది. “రంగు పోదు గదండీ?”

“పోదండీ,” అన్నాను, మా అమ్మతో.

ఇంకో చీర విప్పాను. అమ్మ దాన్ని సరిగా చూడనైనా చూడలేదు. “మళ్ళీ వస్తానండీ,” అని లేచి వెళ్ళిపోయింది.

చీరలు మడతపెడదామంటే మడత కుదరడం లేదు. యజమాని గమనించారు. “ఎవరమ్మా, తెలిసినావిడా?”

మా ఊరావిడ అనబోయాను. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది. “మా అమ్మండీ,” అన్నాను. పరుపు మీద ఆడవాళ్ళంతా నా వైపు తిరిగారు.

ఆయన కళ్ళజోడు తీశారు. “అమ్మా? మంచినీళ్ళైనా ఇవ్వకుండా పంపించావేంటమ్మా? వెళ్ళు, ముందు వెళ్ళు!”

బస్టాండులో బెంచీ మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని అమ్మ కూర్చుని ఉంది. పక్కన కూలబడ్డాను.

“నేను నీ కూతుర్నని చెప్పుకోడానికి సిగ్గేసిందా అమ్మా?”

“నిన్ను చూసి గాదే. ఈ కోక చూడు, కోతల్లోంచి అట్టాగే వచ్చా. అంతమంది గొప్పోళ్ళ మజ్జెన నీ తల్లినంటే నీకు చిన్నతనం గాదా?”

అమ్మే మళ్ళీ అడిగింది. “ఏం తప్పు జేశావని తీసేశారే?”

“తీసెయ్యలేదమ్మా. నేనే మానేశా.” పాప సంగతంతా చెప్పాను. ఆగి ఉన్న బస్సుల వైపు చూస్తూ విన్నది.

“నిన్ను గట్టు మీద ఉయ్యాల్లో ఏసి నాట్లేశా. ఏడ్చి ఏడ్చి నువ్వే పడుకునేదానివి. నేనేమన్నా పని మానేశానా?”

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. చల్లపల్లి బస్సు వచ్చింది. సంచి నా చేతిలో పెట్టి ఎక్కేసింది. మనవరాలిని చూడకుండానే వెళ్ళిపోయింది.

క్రిస్మస్‌కు ఊరెళ్ళాం. పాస్టరుగారు ఎప్పటిలాగే నా సేవ కోసం ప్రార్థించారు. ఈసారి అమ్మ గొంతు వినిపించలేదు. నేను తల ఎత్తలేదు.

ఆరాధన అయ్యాక ఇంటికొస్తే, వెనకాలే ఒక ముసలమ్మ తన భర్తను నడిపించుకుంటూ వచ్చింది. “నర్సమ్మా, ఈయన కాలి పుండు కాస్త చూడవా.” నేనిప్పుడు నర్సును కానని చెప్పాలి. చెప్పలేకపోయాను. అమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. పుండు కడిగి, పాత పంచె చింపి కట్టు కట్టాను. చేతులు ఏమీ మరిచిపోలేదు. “ఆ ఆస్పత్రిలో దేవుడు నిన్ను సల్లగా సూడాలమ్మా,” అన్నాడు ముసలాయన. అమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

తరవాత మేము ఊరెళ్ళినప్పుడు పాస్టరుగారి ప్రార్థనలో నా మాట లేదు. అమ్మే చెప్పి ఉంటుంది. ఏమని చెప్పిందో నేనెప్పుడూ అడగలేదు.

నేను కొట్లోనే ఉండిపోయాను. పాప బళ్ళో చేరి పద్యాలు గట్టిగా చదివేది. అమ్మ బెజవాడ వచ్చినప్పుడల్లా అది చెవులారా వినేది, కానీ నా పని మంచిదని ఒక్కసారీ అనలేదు. కొత్తవాళ్ళు ఎవరైనా అడిగితే “మా అమ్మాయి నర్సు చదివిందండీ,” అనేది. చేస్తుందని అనేది కాదు. అడిగినవాళ్ళు ఆ తేడా పట్టించుకునేవారు కాదు. నేను మాత్రం పక్కన నిలబడి కొంగు సర్దుకుంటూ, వాళ్ళు ఇంకో ప్రశ్న వెయ్యకుండా వెళ్ళిపోతే బాగుండుననుకునేదాన్ని.