కొరాలీ లేచేదాకా

లిండ్సే ట్రెంబాత్ గిటారు పట్టిన ఇన్నేళ్లలో పాడే అవకాశం కోసం ఎన్నడూ ఎవరి గడపా తొక్కలేదు. ఆస్ట్రేలియాలోని వాలరూ రేవులో గోధుమలు ఓడల్లోకి ఎక్కించడం అతని ఉద్యోగం. ఆదివారం మధ్యాహ్నాలు క్లబ్బుల్లో పాడడం అతని ప్రాణం. ఒక క్లబ్బులో పాడితే పక్క ఊరి క్లబ్బు పిలిచేది. అదంతా తన గొంతు మహిమే అనుకున్నాడు పాపం. మగవాడు కదా, అనుకుంటాడు.

అసలు సంగతి అతని భార్య కొరాలీకి తెలుసు. అక్కడి జనం పాట వినడానికి రారు. బీరు కోసమూ, మాంసం పళ్లెం బహుమతిగా ఇచ్చే లాటరీ కోసమూ వస్తారు. గోడ వెంబడి కుర్చీల్లో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. లేచి డాన్సు ఆడాలని అందరికీ ఉంటుంది, కానీ పిల్లి మెడలో గంట కట్టేదెవరు? రెండు మూడు పాటలయ్యాక కొరాలీ లేచేది. పెళ్లాం పోయిన ముసలి కెన్‌ను రెక్క పట్టుకుని, "ఇక్కడే వేళ్లూనుకుంటావా ఏంటయ్యా, లే!" అని లాగేది. ఆయన లేస్తే ఇంకొకరు లేచేవారు. కాసేపటికి నేల కనిపించేది కాదు. ఆడినవాళ్లకు దాహం వేస్తుంది, దాహం వేస్తే బీరు అమ్ముడవుతుంది, బీరు అమ్ముడైతే మేనేజరుకు పాటగాడి మీద ప్రేమ పుడుతుంది. పిలుపుల రహస్యం అంతే.

"నీ గొంతు విని పిలుస్తున్నారనుకుంటున్నావా? నా మోకాళ్లు చూసి పిలుస్తున్నారు," అని ఆమె వేళాకోళం ఆడితే అతను నవ్వేసేవాడు.

కిందటి చలికాలంలో ఆమె క్యాన్సరుతో పోయింది.

ఆ ఇంట్లో ఒక్కడే కూర్చోలేక లిండ్సే మళ్లీ పాడడానికి బయల్దేరాడు. ఎక్కడా ఎవరూ లేవలేదు. మర్యాదగా చప్పట్లు కొట్టి మళ్లీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అతను స్పీకర్ల మీద నెపం వేసి కొత్తవి కొన్నాడు. ఫొటోతో పోస్టర్లు అంటించాడు. "మేమే ఫోన్ చేస్తాం," అన్నారు అన్ని క్లబ్బులవాళ్లూ. ఒక్కరూ చేయలేదు.

చివరికి సొంత ఊరి క్లబ్బు ఒక్కటే మిగిలింది. దానికి అడిలైడ్ నుంచి కొత్తగా వచ్చిన మేనేజరు డామియన్‌కు మొహమాటం తెలియదు.

"చూడండి పెద్దాయనా, ఈ ఆదివారం జనం కదిలారా, ఇక నెల నెలా మీరే. కదల్లేదనుకోండి, టీవీలో ఫుట్‌బాల్ పెట్టుకుంటాను. దానికి భోజనం కూడా పెట్టక్కర్లేదు."

ఇదీ పోతే ఇక ఆదివారాలు కూడా ఆ ఇంట్లోనే. తలుచుకుంటేనే లిండ్సేకు భయం వేసింది. కొరాలీ చెప్పిన మోకాళ్ల మాట గుర్తొచ్చి, ఆమె చెల్లెలు నోలీన్‌కు ఫోన్ చేశాడు.

"ఒక్క పాటకు లేవవా, నోలీన్?"

"నేనా! సిగ్గుతో చస్తాను బావా. అక్క సంగతి వేరు. దానికి సిగ్గనేది పుట్టుకతోనే లేదు."

"తెలుసు."

"సరే, వస్తాలే," అంది చివరికి.

అక్క బట్టలు పంచుకున్నప్పుడు తన వాటాకొచ్చిన ఆకుపచ్చ డాన్సు గౌను వేసుకుని ఆదివారం క్లబ్బుకు వచ్చింది. అదైతే కాస్త ధైర్యం వస్తుందనుకుంది పిచ్చిది. మొదటి పాటలకు జనం ఉలకలేదు, పలకలేదు. తర్వాత జంటలుగా ఆడే వాల్ట్జ్ పాట మొదలవగానే ఆమె లేచింది. మొహం కందగడ్డలా ఎర్రబడింది.

"లేవయ్యా కెన్నూ, నా పరువు తీయకు," అంది.

ముసలాయన ఆ గౌను వంక చూశాడు. కళ్లు తుడుచుకుని లేచాడు. వాళ్ల వెనకే ఇంకో జంట, మరో జంట. కాసేపటికి నేలంతా నిండిపోయింది. ఆ గుంపులో ఆకుపచ్చ రంగు కనబడుతూ, మాయమవుతూ ఉంటే లిండ్సేకు పాట ఆపేసి పారిపోవాలనిపించింది. ఆపితే జనం కూర్చుంటారు. అందుకని పాడాడు.

బారు దగ్గర నిలబడడానికి చోటు లేకుండా పోయింది. అంతా అయ్యాక లిండ్సే వైర్లు చుట్టుకుంటుంటే డామియన్ వచ్చి భుజం తట్టాడు.

"అదరగొట్టేశారు పెద్దాయనా! నెల నెలా మీరే, ఖాయం. కానీ ఒక్క షరతు. మీ ఆవిణ్ణి తప్పకుండా తీసుకురావాలి. జనాన్ని లేపింది ఆవిడే కదా!"

పక్కనే కోటు తొడుక్కుంటున్న నోలీన్ ఏదో చెప్పబోయి, బావ మొహం చూసి ఆగిపోయింది.

లిండ్సే తల ఎత్తలేదు.

"తీసుకొస్తాను," అన్నాడు.