యాభైఐదు మార్కులక్క

మా కేంద్రంలో ఆమె అసలు పేరు పిల్లలకు తెలియదు, తల్లులకు తెలియదు. పదకొండేళ్లు ఒకే కప్పు కింద పనిచేసిన నాకు కూడా హాజరు పుస్తకంలో చూస్తే తప్ప గుర్తొచ్చేది కాదు. ఎవరింటికి వెళ్లినా నూటికి యాభైఐదు మార్కులే వేసేది కాబట్టి యాభైఐదక్క అన్నారు. ఎదురుగా ‘అక్కా’ అనేవాళ్లు, వెనకాల ‘యాభైఐదు వస్తోంది, పిల్ల ముక్కు తుడవండి’ అనుకునేవాళ్లు. ఆ పేరు మొదట పెట్టింది నేనే. గొప్పకు చెప్పడం లేదు. నేను చేసినవాటిలో చిన్న పాపం ముందు ఒప్పుకుంటే పెద్దది చెప్పడానికి నోరు వస్తుందేమోనని.

కేంద్రమంటే ఒక పాత నాలుగంతస్తుల భవనంలో కింది భాగం. మూడు గదులు, ఒక వంటగది. ఇంట్లో వేరే దిక్కులేని తల్లులు పొద్దున్న ఏడింటికి పిల్లల్ని వదిలి పనికి పోతారు, సాయంత్రం ఆరింటికి వచ్చి తీసుకెళ్తారు. ఏమీ కట్టనక్కర్లేదు. ఐదేళ్ల లోపు పిల్లలు నలభై మంది. నలభై ఒకటో పిల్లకి చోటు లేదు. చోటు కోసం కాచుకున్నవాళ్ల జాబితా గుమ్మం పక్క గోడకి అంటించి ఉంటుంది, వందకి తక్కువ పేర్లు నేనెప్పుడూ చూడలేదు. నేనక్కడ వంటమనిషిని. పాలు కాచడం, గుడ్లు ఉడకబెట్టడం, కూరగాయలు మెత్తగా మెదపడం నా పని. మూతులు తుడవడం నా పని కాదు గానీ అదీ నేనే చేస్తాను.

యాభైఐదక్క పని ఇళ్లు చూడటం. మూడు నెలలకోసారి ప్రతి పిల్ల ఇంటికీ వెళ్లి ఒక ఫారం నింపాలి. ఇరవై ప్రశ్నలు, ప్రశ్నకి ఐదు మార్కులు. పదకొండు ప్రశ్నలు ఇంటి గురించీ తల్లి గురించీ: నేల శుభ్రంగా ఉందా, మందులు పిల్లలకి అందని చోట పెట్టారా, తల్లికి పని ఉందా, ఇలాంటివి. మిగతా తొమ్మిది పిల్ల గురించి: వేళకి పడుకుంటుందా, పిలిస్తే తిరిగి చూస్తుందా, బరువు పెరిగిందా. భుజాన గుడ్డసంచి, అందులో వేలాడదీసే తూకం, ఒక టేపు, నీలం పెన్ను. వాచిన మోకాళ్లతో ఆరో అంతస్తు దాకా మెట్లెక్కేది. ఏ ఇంట్లోనూ మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. మంచం కిందకి వంగి చూసేది, గిన్నెల మీద మూతలెత్తేది, తలగడ వాసన చూసేది. నవ్వడమంటే ఆమెకి ఒంటికి పడదు. ఇంత చేసి యాభైఐదు వేసేది. కాలు పెట్టలేని కొంపకీ యాభైఐదే, అద్దంలా మెరిసే ఇంటికీ యాభైఐదే. మరీ ప్రేమ పొంగితే యాభైఆరు.

డెబ్బై దాటినవాళ్లకి సర్టిఫికెట్ ఇస్తారు. ‘ఈ కుటుంబం తన కాళ్ల మీద తాను నిలబడింది’ అని అందులో రాసి ఉంటుంది. పెద్దగదిలో అందరం చప్పట్లు కొడతాం, ఫోటో తీస్తారు. ఏడాదికి ఐదారు కుటుంబాలకి ఆమె చేతి మీదుగానే డెబ్బై దాటేది, ఆ పిల్లలందరూ మరుసటి నెలే బడిలో చేరేవాళ్లు. అందుకని సర్టిఫికెట్ వస్తే బడిలో సీటు వచ్చినట్టేనని తల్లులు అనుకునేవాళ్లు, నేనూ అదే అనుకున్నాను. ఆ పిల్లలందరికీ అప్పటికి ఐదేళ్లు నిండుతున్నాయన్న సంగతి నా మట్టిబుర్రకి తట్టలేదు.

ఇక కుట్టుమిషనమ్మాయి సంగతి. చొక్కాల కంపెనీలో కాలర్లు కుడుతుంది. మొగుడు ఎడమచేతి చిటికెన వేలు విరిచిన రోజు పిల్లని చంకనేసుకుని వచ్చేసింది, ఆ వేలు ఇప్పటికీ వంకరే. మూడో అంతస్తులో ఒక్క గది. కూతురికి మూడున్నరేళ్లు. గుప్పెడంత ఉండేది కాబట్టి మేమంతా పిట్ట అనేవాళ్లం. పిట్టకి మాటలు లేవు. అమ్మ అని కూడా అనేది కాదు. మా దగ్గర చేరిన ఎనిమిదో నెలలో ఒకరోజు మధ్యాహ్నం ఖాళీ గిన్నె నా ముందుకు చాచి, ‘ఇంకా’ అంది. గరిటె కింద పడేసి నేను పెట్టిన కేకకి పడుకున్న పిల్లలందరూ లేచి కూర్చున్నారు. సాయంత్రం తల్లి వచ్చాక మళ్లీ గిన్నె చూపించి అనిపించాను. ఆ అమ్మాయి వంటగది నేల మీద కూలబడి భోరున ఏడ్చింది. అప్పటినుంచి పిట్టకి సబ్బు బుడగలైనా, ఉయ్యాలైనా, నా ఒళ్లో కూర్చోవడమైనా ఒకటే మాట, ఇంకా.

కంపెనీకి ఎదురుగా ఒక బడి ఉంది. మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లలకి అందులో వేరే తరగతి. పిట్టని అందులో వేయాలని తల్లి కోరిక. దానికోసం ప్రతి ఆదివారం ఇల్లు మొత్తం కడిగేది, గోడలు తుడిచేది, కిటికీ ఊచలు ఒక్కొక్కటే గుడ్డ పెట్టి రుద్దేది. మూడుసార్లు చూసి వెళ్లింది యాభైఐదక్క. మూడుసార్లూ యాభైఐదే.

మూడోసారి ఆ అమ్మాయి నా కళ్లముందే ఆమెని పట్టుకుంది.

‘‘ఎక్కడ తగ్గించావో చెప్పక్కా, దిద్దుకుంటాను. నీకు దణ్ణం పెడతాను.’’

‘‘దిద్దుకునేదేం లేదు. పిల్లని రోజూ తీసుకురా. అది చాలు.’’

‘‘నా ఇంట్లో దుమ్మెక్కడుందో ఒక్కటి చూపించు మరి!’’

‘‘నోరెక్కువైంది నీకు. చెప్పింది విను. రోజూ తీసుకురా.’’

ఆ ‘రోజూ తీసుకురా’ అన్న మాట అప్పుడే నా చెవికెక్కాల్సింది. ఎక్కలేదు, ఎందుకంటే నా కడుపు అప్పటికే మంటగా ఉంది. అంతకు వారం ముందే ఆమె తల్లులందరి ఎదుట నా గిన్నెలో వేలు ముంచి నాకి, ‘‘ఉప్పెక్కువైంది. వండింది పిల్లలకా, పశువులకా?’’ అంది. పదకొండేళ్లలో నన్ను అంత మాట అన్నవాళ్లు లేరు. పోనీ, నిజం చెప్తాను. ఉప్పు ఎక్కువైన మాట నిజమే, అందుకే ఇంకా మండింది.

కళ్లు తుడుచుకుంటున్న ఆ అమ్మాయిని వంటగదిలోకి లాక్కెళ్లి తలుపు వేశాను. ‘‘పైవాళ్లకి అర్జీ పెట్టు. ఇల్లు మళ్లీ చూడమని అడిగే హక్కు నీకుంది’’ అన్నాను. ఆ హక్కున్నట్టు గోడ మీద కాగితంలో నేను చదివాను.

‘‘వద్దులే పిన్నీ, ఆమెకి కోపమొస్తే పిల్లని ఏమైనా అంటుందేమో’’ అంది.

‘‘పిల్లని అంటే నేను ఊరుకుంటానా? ముందు రాయి’’ అన్నాను. నేను చెప్తుంటే ఆ అమ్మాయి రాసింది. ఏడో తరగతి తర్వాత నేను కూర్చిన మొదటి కాగితం అది. బాగా కుదిరిందని ఆ రోజంతా మురిసిపోయాను కూడా.

పై ఆఫీసు నుంచి ఒక పడుచు ఇన్‌స్పెక్టరు వచ్చింది. చేతిలో ఫోను, ముఖం నిండా నవ్వు. పిట్ట ఇల్లు చూసి నూటికి ఎనభైరెండు వేసింది. ఎనభైరెండుకీ యాభైఐదుకీ అంత తేడా ఎందుకొచ్చిందని మేనేజరు మేడం పాత ఫారాలన్నీ బయటకి తీయించింది. కట్టలు కట్టలుగా యాభైఐదులే. మేడం చెడ్డ మనిషేం కాదు, రూలు తెలిసిన మనిషి. ఆ సాయంత్రమే యాభైఐదక్కని పనిలోంచి తీసేశారు. పంతొమ్మిదేళ్ల ఉద్యోగం పోవడానికి పది నిమిషాలు పట్టింది.

తూకం, టేపు అప్పగించడానికి ఆమె వంటగదిలోకి వచ్చింది. నేను లోలోపల సంబరపడుతూ పైకి మాత్రం, ‘‘నిజం మార్కులు వేసి ఉంటే ఇదంతా జరిగేది కాదుగా’’ అన్నాను.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. నా ఎదుట ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. ‘‘మొదటి ఏడాది నిజమే వేశానే’’ అంది. ‘‘డెబ్బై దాటితే పిల్ల చోటు మర్నాడే తీసేస్తారు. వరసగా రెండుసార్లు నలభైకి తగ్గితే ఫైలు పెద్దాఫీసుకి పోతుంది, వాళ్లొచ్చి పిల్లని హాస్టల్‌కి పట్టుకుపోతారు. ఒకాయనకి ముప్పైఎనిమిది వేశాను, తర్వాత ముప్పైఆరు. నిజమే వేశాను. ఇద్దరు పిల్లల్నీ తీసుకుపోయారు. ఆయన మన మెట్ల మీద ఆరు రోజులు కూర్చున్నాడు. లోపలికి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ ఆయన్ని దాటుకుని తిరిగాను. అప్పటినుంచి ఐదేళ్లు నిండేదాకా ఎవరినీ పైకి పోనివ్వలేదు, కిందకి పోనివ్వలేదు.’’

‘‘మరి ఈ మాట తల్లులకి చెప్పొచ్చుగా!’’

‘‘నలభై మందికి చెప్తే మేడంకి తెలియదా? వాళ్లు నన్ను తిట్టుకుంటే నాకేం పోయింది? పిల్లలు లోపలున్నారు, చాలు.’’ లేచి కొంగు దులుపుకుంది. ‘‘నీ ఉప్పు సంగతి మాత్రం నిజంగానే చెప్పాను’’ అని వెళ్లిపోయింది.

ఆ మర్నాడే సర్టిఫికెట్ సభ. కుట్టుమిషనమ్మాయికి చెప్పి ఆపాలని పొద్దున్నే గుమ్మంలో కాపు కాశాను. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టల్లో, పిట్టకి రెండు జడలు వేసుకుని వచ్చింది. నన్ను చూసి పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది. చెప్పాల్సింది చెప్పకుండా జడలు బాగున్నాయన్నాను. పిరికిదాన్ని. లోపలికి వెళ్లి అందరితో పాటు చప్పట్లు కొట్టాను.

ఫోటో అయ్యాక మేడం, ‘‘పాప చోటు రేపటినుంచి ఇంకొకరికి వెళ్తుందమ్మా, శుభాకాంక్షలు’’ అంది.

‘‘మరి బడి, మేడం?’’

‘‘ఐదేళ్లు నిండాక చూసుకోండి.’’

ఆ అమ్మాయికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక సర్టిఫికెట్ తిరిగి మేడం చేతిలో పెట్టబోయింది. ‘‘నాకొద్దు మేడం, నా ఇల్లేం బాలేదు, మళ్లీ చూడండి’’ అని బతిమాలింది. ఒకసారి నిలబడినవాళ్లని మళ్లీ చేర్చుకునే రూలు లేదట. పిట్ట ఆ కాగితం అంచు పట్టుకుని చప్పట్లు కొట్టినవాళ్లకేసి చూస్తూ, ‘‘ఇంకా’’ అంది. అందరూ నవ్వారు.

తర్వాత జరిగింది త్వరగా చెప్పేస్తాను, మెల్లగా చెప్పే శక్తి నాకు లేదు. పిట్టని నాలుగు రోజులు కంపెనీకి తీసుకెళ్లి మిషను కింద కూర్చోబెట్టింది. సూపర్‌వైజరు వెళ్లగొట్టాడు. పక్కింటి ముసలామె వారం చూసి తనవల్ల కాదంది. నేను ఉంచుకుంటానన్నాను. కేంద్రంలోనే ఉంచుకోవాలి, నాకింకెక్కడుంది తీరిక? రెండో రోజే మేడం వంటగదిలో పిట్టని చూసి, బయటి పిల్లలు లోపలుంటే నా పని కూడా పోతుందని చెప్పింది. నేను పిట్టని బయటికి పంపాను. అవును, నేనే పంపాను. ఆ అమ్మాయి చివరికి రొట్టె, నీళ్లసీసా పక్కన పెట్టి, గదికి బయటినుంచి తాళం వేసి పనికి పోవడం మొదలుపెట్టింది. తొమ్మిదో రోజు కిటికీ దగ్గర స్టూలెక్కి పిట్ట ఏడుస్తుంటే కింద ఎవరో చూసి ఫోన్ చేశారు. పెద్దాఫీసువాళ్లు తాళం పగలగొట్టారు. సాయంత్రం తల్లి వచ్చేసరికి గుమ్మానికి ఒక చీటీ ఉంది.

హాస్టల్ ఊరికి అవతలి చివర. పదిహేను రోజులకోసారి ఒక గంట చూడనిస్తారు. నేనూ ఒకసారి వెళ్లాను, గిన్నెలో తనకిష్టమైన గుడ్డు మెదిపి తీసుకెళ్లాను. పిట్ట తిని, ఖాళీ గిన్నె పక్కన పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏమీ అడగలేదు. ఈ జన్మకి నాకది చాలు.

పిల్లని వెనక్కి ఇవ్వాలంటే ఇల్లు మళ్లీ చూస్తారు, అరవై రావాలి. ఆ అమ్మాయి రెండు నెలలు ఇల్లు కడిగింది. అదే పడుచు ఇన్‌స్పెక్టరు, అదే నవ్వుతో వచ్చి చూసి, ఫారం ఇచ్చి వెళ్లింది. అది పట్టుకుని ఆ అమ్మాయి నా దగ్గరకొచ్చింది. ఇద్దరం కలిసి యాభైఐదక్క దగ్గరకి వెళ్లాం. ఆమె ఇప్పుడు ఒక లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతోంది. మమ్మల్ని తిట్టినా బాగుండేది. చెయ్యి తుడుచుకుని కాగితం తీసుకుంది.

పైనుంచి కింద దాకా వేలు పెట్టి చదివింది. ఇంటి గురించీ తల్లి గురించీ ఉన్న పదకొండు ప్రశ్నలకీ ఐదుకి ఐదు. పిల్ల వేళకి పడుకుంటుందా, పిల్ల ఇంట్లో లేదు, సున్నా. పిలిస్తే చూస్తుందా, సున్నా. అలా తొమ్మిది సున్నాలు. అడుగున మొత్తం యాభైఐదు.

‘‘ఎక్కడ తగ్గిందో చెప్పక్కా’’ అంది ఆ అమ్మాయి. సోడా, సబ్బులతో పగిలిపోయిన రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. ‘‘ఇంకా ఏం కడగాలి?’’

యాభైఐదక్క కాగితం మడిచి ఆ అమ్మాయికి ఇచ్చేసి, దుప్పటి రెండో కొస పట్టుకోమని నాకు చూపించింది. నేను పట్టుకున్నాను.